బండ మీద గాసి, ఇంట్లో ఛార్జరు

మా పనసగుడలో కొర్రా గాసి అంటే బారికి. బారికి అంటే ఎవరో తెలియనివాళ్ళకి చెప్తాను. ఊరిపెద్దని మేం నాయుడు అంటాం. ఆ నాయుడి నోట్లోంచి వచ్చిన మాటని ఊరందరి చెవిలో వెయ్యాల్సిన మనిషి బారికి. సాయంత్రం అందరూ కొండ మీద పనుల నుంచి దిగి పొయ్యిలు వెలిగించే వేళకి గాసి మావ ఊరి మధ్య రాయెక్కి కేక వేస్తాడు. "రేపు ఎవుళూ పనికి ఎల్లకండీ... బాట బాగుసెయ్యాలీ..." ఆ కేక వాగు దాటి, అవతలి కొండకి తగిలి, తిరిగి మా పెరట్లోకి వస్తుంది. అరవై దాటిన బక్క మనిషి. అంత గొంతు ఆ ఒంట్లో ఎక్కడ పడుతుందో ఎనిమిదేళ్ళుగా చూస్తున్నా నాకు అర్థం కాలేదు.

ఆయనకి ఒక నియమం ఉంది. బారికి చెప్పే మాటలో ఒక్క మాట ఎక్కువ ఉండకూడదు, ఒక్క మాట తక్కువ ఉండకూడదు. చెప్పమన్నది చెప్పమన్నట్టే చెప్పాలి. ఒక ఎండాకాలం ఆయన ఇంటికే నిప్పంటుకుంది. అప్పుడు కూడా రాయెక్కి "కొర్రా గాసి ఇల్లు కాల్తన్నాదీ... నీల్లట్టుకుని రండీ..." అని అరిచాడు గానీ నా ఇల్లు అనలేదు. పక్క ఊరి నుంచి కుండలతో పరిగెత్తుకొచ్చిన వాళ్ళు ఆయన్నే పట్టుకుని "గాసి ఇల్లెక్కడ?" అని అడిగితే, "అదిగో" అని చెయ్యి చూపించాడట. ఈ కథ చెప్పి ఊరంతా నవ్వుతుంది. ఆయన మాత్రం ఇందులో నవ్వడానికి ఏముందన్నట్టు చూస్తాడు.

ఇక నా సంగతి. నా పేరు రత్న. నాకు కోపం ఎక్కువ. ఈ రెండూ ముందే చెప్పేస్తే మంచిది, ఎందుకంటే మొదటిది మా ఊళ్ళో ఎవరూ పలకరు, రెండోది అందరికీ తెలుసు. అనంతగిరి వైపు ఊరి నుంచి కోడలిగా వచ్చాను. మా ఆయన సురేంద్ర బొర్రా గుహల దగ్గర టూరిస్టులకి జీపు నడుపుతాడు. నేను ఎక్కడికి వెళ్ళినా "సురేంద్ర పెళ్ళాం వచ్చింది" అంటారు. గాసి మావ సురేంద్రకి పెదనాన్న. నేను కాఫీ రైతుల సంఘం మీటింగు పెడితే ఆయన కేక కూడా అంతే: "సురేంద్ర పెళ్ళాం మీటింగు పెట్టినాదీ... అందరూ రండీ..." మాలో మేం మాట్లాడుకునేది ఆదివాసీ ఒడియా. మీ కోసం తెలుగులో చెప్తున్నాను, గాసి మావ మాటల్లో ఎక్కువతక్కువలుంటే ఆ తప్పు నాది.

సంఘంలో అరవై మూడు కుటుంబాలున్నాయి. మూడేళ్ళు ఎవరూ తోటల్లో మందు చల్లలేదు. పురుగు వచ్చిన కొమ్మల్ని చేత్తో నరికి కాల్చారు, పేడ మోశారు, తిట్టుకున్నారు, మళ్ళీ మోశారు. ఈ ఏప్రిల్ ముప్పైలోగా ప్రతి తోట వివరాలూ కంప్యూటర్లో ఎక్కించి పంపితే సేంద్రియ కాఫీ అని సర్టిఫికెట్ వస్తుంది. పంపకపోతే లెక్క మళ్ళీ మొదటి ఏడాది నుంచి. అంతకుముందు ఈ రాతలన్నీ మైదానం నుంచి వచ్చిన దేవీప్రసాద్ గారు చూసేవారు. ఆయనకి వేరే ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయారు. ఊళ్ళో ఇంటర్ చదివింది నేనొక్కదాన్నే కాబట్టి పని నా నెత్తిన పడింది.

"ఇంటరు సదివితే కంపూటరు ఒచ్చేత్తాదేటి?" అన్నాడు పైడయ్య. ఆయన సంఘానికి పెద్ద, పండగల్లో డప్పు ఆయనదే. మనిషి మంచివాడే, కానీ ఏదైనా చెడిపోతే "నేను ముందే సెప్పినాను" అనడంలో ఆయనకి ఉన్న ఆనందం డప్పు కొట్టడంలో కూడా లేదు. ల్యాప్‌టాప్ అరకులో షాపులో కొందామన్నాడు. నేను ఆన్‌లైన్లో తెప్పిద్దామన్నాను. నా మాటే నెగ్గింది, నా ఖర్మ.

కంపెనీ పేరు చెప్పను. చెప్తే నా మీద కేసు పెడతారు, లేదంటే నా అసౌకర్యానికి చింతిస్తారు. రెండోది ఇక నేను భరించలేను.

ఏప్రిల్ అయిదున పెట్టె వచ్చింది. వచ్చిన పెట్టెని వెంటనే విప్పి ఉంటే ఈ కథ సగం ఉండేది కాదు. కానీ మా ఊళ్ళో కొత్తది ఏదైనా నేరుగా ముట్టుకోరు. మామిడికాయైనా, సామలైనా ముందు ఊరి దేవతకి పెట్టి "కొత్త" చెయ్యాలి, తర్వాతే నోట్లో పెట్టుకోవాలి. ఆ రోజు ఎప్పుడో దిసారి చెప్తాడు, మంచీచెడూ రోజులు చూసే పెద్దాయన. ల్యాప్‌టాప్ తినేది కాదు కదా అని మీరంటారు. నేనూ అదే అన్నాను.

"తినీది కాకపోతే ఏటి, కొత్తదే గదా," అన్నాడు పైడయ్య.

దిసారి వేళ్ళు మడిచి లెక్కపెట్టి ఆరు రోజులాగమన్నాడు. ఆగాం. పసుపు బొట్టు పెట్టిన అట్టపెట్టె ఆరు రోజులు మా ఇంట్లో సామల బుట్ట పక్కన కూర్చుంది. పదకొండో తారీకున కొబ్బరికాయ కొట్టి విప్పాం. లోపల ఒక కాగితం ఉంది. ఏదైనా లోపం ఉంటే వస్తువు అందిన పది రోజుల్లో చెప్పాలి, తర్వాత మార్చి ఇవ్వబడదు. ఆ మాట పెట్టె బయట రాయడానికి వాళ్ళకి చోటు దొరకలేదు కాబోలు.

విప్పిన రోజు బంగారంలా పనిచేసింది. తెర మీద మంచు కొండల బొమ్మ వస్తే ఊరంతా మూగింది. "ఈ కొండల మీద సెట్లు లేవు, ఇక్కడోల్లు ఏటి తింతారో," అని ముసలమ్మలు జాలిపడ్డారు. నేను నాలుగు కుటుంబాల తోటలు ఎక్కించాను. అయిదో పేరు సగంలో ఉండగా తెర నల్లబడింది. మళ్ళీ నొక్కితే వచ్చింది, ఇరవై నిమిషాలు ఉంది, పోయింది. ఛార్జరు తీస్తే అసలు లేవనే లేవదు. మర్నాడు పొద్దున్నకి అయిదు నిమిషాలకొకసారి పోవడం మొదలెట్టింది.

పైడయ్య గుమ్మంలో నిలబడి చూశాడు. నవ్వాడు. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందని అంటారే, సరిగ్గా అలా మండింది నాకు.

మా ఊళ్ళో కరెంటుంది, ఫోన్ సిగ్నల్ లేదు. సిగ్నల్ కావాలంటే ఊరి వెనక కొండ మీద పెద్ద బండ దగ్గరికి పావుగంట ఎక్కాలి. ఎక్కాను. తెలుగు కోసం నాలుగు నొక్కమంటే నొక్కాను. ఇరవై నిమిషాలు సన్నాయిలాంటి సంగీతం విన్నాక తేజ అనే అబ్బాయి పలికాడు.

"ల్యాప్‌టాప్ మీ ముందు ఉందా మేడమ్?"

"లేదు, ఇంట్లో ఉంది. నేను బండ మీద ఉన్నాను."

"బండ అంటే మేడమ్?"

"బండంటే రాయి. పెద్ద రాయి."

"మీ అసౌకర్యానికి చింతిస్తున్నాము. ల్యాప్‌టాప్‌కి ఛార్జర్ పెట్టి, దాని ముందు కూర్చుని కాల్ చెయ్యగలరా?"

"ఇంట్లో సిగ్నల్ లేదు."

"అయితే సిగ్నల్ ఉన్న చోటికి తీసుకెళ్ళి ఛార్జర్ పెట్టండి మేడమ్."

"బండకి ప్లగ్గు లేదు బాబూ."

"మరి దగ్గర్లో ఇంకెవరిదైనా ఇల్లు..."

"దగ్గర్లో ఎలుగుబంటి ఉంటుంది. దానింట్లో కరెంటు ఉందో లేదో కనుక్కుని చెప్తాను," అన్నాను.

మర్నాడు ల్యాప్‌టాప్ సంచీలో పెట్టుకుని అరకు వెళ్ళాను. అక్కడ కరెంటూ ఉంది, సిగ్నలూ ఉంది. ఒక జిరాక్స్ షాపులో బతిమాలుకుని ప్లగ్ పెట్టి ఫోన్ చేశాను. అది ఎంత బుద్ధిగా పనిచేసిందంటే, అత్తారింటికొచ్చిన కొత్త అల్లుడు కూడా అంత బుద్ధిగా ఉండడు. మూడు గంటల్లో ఒక్కసారి కూడా ఆరలేదు. అవతల లైన్లో ఉన్న తేజ సంతోషించాడు. లోపం లేదు, మీ ఊళ్ళో వోల్టేజీ సమస్య, కంప్లైంట్ మూసేస్తున్నాము, మీ సహకారానికి ధన్యవాదాలు అన్నాడు. ఇంటికొచ్చి పెట్టాను. నాలుగు నిమిషాలు. అదే ప్లగ్గుకి టీవీ ఆడుతుంది, ఫోన్లు ఛార్జవుతాయి, మిక్సీ తిరుగుతుంది. వోల్టేజీకి దీని మీద ఒక్కదాని మీదే పగ అట.

పద్నాలుగో తారీకున మళ్ళీ బండెక్కాను. మళ్ళీ తేజే. లోపం జరుగుతున్నప్పుడే, ఛార్జర్ పెట్టి ఉండగానే, లైన్లో ఉండి పరీక్ష చేయించాలి, అప్పుడే మార్చి ఇస్తామన్నాడు. విశాఖలో సర్వీస్ సెంటర్‌కి ఇచ్చినా సరే, ఇరవై ఒక్క పనిదినాలు పడుతుందన్నాడు. నా దగ్గర మిగిలినవి పదహారు మామూలు దినాలు. ఇక నా నోటికి ఏదొస్తే అది అన్నాను. ఆ మాటలు ఇక్కడ రాయను.

అటువైపు కట్టెల మోపుతో వెళ్తున్న గాసి మావ ఆగిపోయాడు. మోపు దించి, బండకి ఆనుకుని, నేను ఫోన్ పెట్టేదాకా చూశాడు.

"ఎవుడి మీద కోడలా ఆ కేకలు?"

"కంపెనీవాడి మీద మావా. ఏది అడిగినా అదే మాట చెప్తన్నాడు. మారదు, తిరగదు. వాడు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు."

"ఒక మాట ఎక్కువ సెప్పడా?"

"చెప్పడు."

"తక్కువా సెప్పడా?"

"చెప్పడు."

"అయితే ఆడూ బారికే గదా. ఎవుడో నాయుడు సెప్పమన్నది సెప్తన్నాడు. వానొత్తాదని సెప్పినోడిని తిడితే వాన ఆగుతాదేటి?" అని మోపు ఎత్తుకున్నాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "ఆడు నీకేటి సెయ్యమన్నాడు?"

చెప్పాను. ఛార్జరేమో ఇంట్లో, సిగ్నలేమో బండ మీద, రెండూ ఒకేసారి కావాలట. చెప్తుంటే ఏడుపొచ్చింది, దాచుకోలేదు. అరవై మూడు ఇళ్ళవాళ్ళు మూడేళ్ళు మోసిన పేడ నా తెలివితక్కువ వల్ల వృథా అయిపోతోంది మావా అన్నాను.

ఆయన ఓదార్చలేదు. బండ మీద నుంచి కిందకి చూశాడు. మా ఇల్లు, పెరడు, పెరట్లో ఎండేసిన నా ఎర్ర చీర అగ్గిపెట్టంత కనిపిస్తున్నాయి. "ఇక్కడ నుండి నా మాట మీ ఇంటికి అందుతాది," అన్నాడు. "ఆ బారికి సెప్పింది నేను దించుతాను. నువ్వు పెట్టి కాడ కూకో."

పదిహేనో తారీకు, కంపెనీ పది రోజుల గడువులో ఆఖరి రోజు. అప్పటికి ఇటుకల పండగ, మా చైత్రమాసపు వేట పండగ, మొదలైపోయింది. మగవాళ్ళు వేటకని అడవిలోకి పోయారు, ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా తాడు కట్టి వచ్చేపోయే బళ్ళని ఆపి పండగ మామూళ్ళు అడుగుతున్నారు. జీపులు లేవు, అరకు వెళ్ళే దారే లేదు. గాసి మావ బారికి కాబట్టి వేటకి పోడు, ఊళ్ళోనే ఉండాలి. పైడయ్య మోకాళ్ళ నొప్పులతో ఆగిపోయాడు, డప్పు ఒళ్ళో పెట్టుకుని.

మావ మాట కిందకి దిగుతుంది సరే, నా జవాబు పైకి ఎలా ఎక్కాలి? నా గొంతు అంత దూరం పోదు. నేను పైడయ్య వైపు చూశాను. ఆయన డప్పు వైపు చూసుకున్నాడు.

"అవునంటే ఒక దెబ్బ, కాదంటే రెండు. లెక్క చెప్పాల్సొస్తే అన్ని దెబ్బలు," అన్నాను.

"షాపులో కొనుంటే..." అని మొదలెట్టాడు.

"పైడయ్య మావా, డప్పు వేడిచెయ్యి!" అని అరిచాను. మారు మాట్లాడకుండా మంట దగ్గరికి పోయాడు.

బండెక్కి నేనే ఫోన్ కలిపాను, నాలుగు నొక్కాను, స్పీకర్ పెట్టి, కంప్లైంటు మాటా డప్పు దెబ్బల లెక్కా మావకి అప్పజెప్పి, ఫోన్ ఆయన చేతికిచ్చి కిందకి పరిగెత్తాను. ఆ ఇరవై నిమిషాల సంగీతం జీవితంలో మొదటిసారి నాకు పనికొచ్చింది. ఇల్లు చేరి, ఛార్జరు పెట్టి, ఆయాసపడుతూ కూర్చున్నాను. పెరట్లో పైడయ్య. గోడ మీద పిల్లలు. రోడ్డు మీద తాడు వదిలేసి వచ్చిన ఆడవాళ్ళు.

అప్పుడు కొండ మీద నుంచి దిగింది కేక.

"నమస్కారమండీ... నా పేరు సుమా... మీకు నేను ఏ విధంగా సహాయపడగలనూ..."

ఊరు ఊరంతా ఒక్క క్షణం నోరు తెరిచింది. తర్వాత నవ్వు మొదలైంది. అరవై ఏళ్ళ గాసి కొండెక్కి నా పేరు సుమ అంటున్నాడు! తాడు దగ్గర్నుంచి వచ్చిన అప్పలనర్సమ్మ పొట్ట పట్టుకుని గట్టు మీద కూలబడిపోయింది.

"మీ అసౌకర్యానికి చింతిస్తున్నామండీ..." అని కేక. "ఈ కాల్ నాణ్యత కోసం రికార్డు చెయ్యబడుతుందండీ..." అని ఇంకో కేక. ఆయన ఒక్క ముక్క వదలడు. అవతలి కొండ కూడా మా అసౌకర్యానికి చింతించి తిప్పి పంపింది.

"ల్యాప్‌టాప్ మీ ముందు ఉందా అండీ..."

నేను తలూపాను. పైడయ్య డప్పు మీద ఒక దెబ్బ వేశాడు. ధన్!

"ఛార్జర్ పెట్టారా అండీ..."

ధన్!

"దయచేసి లైన్లో ఉండండీ..."

తర్వాత కొండ మీద నుంచి సాగదీసిన రాగం వచ్చింది. నాకు మొదట అర్థం కాలేదు. అది కంపెనీవాళ్ళ సంగీతం. పెట్టిన పాటని కూడా మావ దించుతున్నాడు, తక్కువ కాకూడదు కదా. అంత టెన్షన్లో నేనూ నవ్వాను, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ.

ల్యాప్‌టాప్ చెప్పినట్టే ఆరిపోయింది, పుణ్యం కట్టుకుంది. పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఎఫ్ టూ నొక్కమని కేక వచ్చింది. అది ఎన్నిసార్లు కూస్తుందో చెప్పమంది. నొక్కాను. తెర నల్లగానే ఉంది గానీ లోపల నుంచి పిచ్చుక కూతలాంటి చప్పుడు వచ్చింది. పిల్లల్ని నోరు మూసుకోమని లెక్కపెట్టాను. అయిదు. పైడయ్యకి అయిదు వేళ్ళు చూపించాను. ధన్, ధన్, ధన్, ధన్, ధన్.

"మళ్ళీ ఒకసారి చెయ్యండీ..."

మళ్ళీ అయిదు. మళ్ళీ డప్పు.

ఆ తర్వాత చాలాసేపు పై నుంచి ఏమీ రాలేదు. ఆ మధ్యలో పైన ఏం జరిగిందో మావ తర్వాత చెప్పాడు. ఆయన చెప్పాడంటే నేను విన్నట్టే.

ఆ అమ్మాయి, "సార్, ఆ అరుపులేంటి, ఆ డప్పేంటి, మీరెవరు?" అని అడిగిందట. ఈయన, "నేను బారికినమ్మా. నువ్వు సెప్పింది కిందకి సెప్తన్నాను. నువ్వూ బారికివే గదా?" అన్నాడట. దాంతో ఆ అమ్మాయి పుస్తకం గొంతు పోయి మన గొంతు వచ్చిందట. "అవును తాతా. ఇక్కడ మూడొందలమందిమి బారికిలమే."

"మీ నాయుడు ఎవుడమ్మా?"

"నానెప్పుడూ సూడలేదు తాతా."

"పాపం," అన్నాడట మావ. "ఏ ఊరు?"

"కురుపాం అవతల, కొండ కింద. మా ఊర్లో కూడా సిగ్నలుండదు."

అప్పుడు దిగింది ఆఖరి కేక. నేను చనిపోయేదాకా మర్చిపోను.

"అయిదు కూతలంటే లోపల బోర్డు పోయిందండీ... మార్చి ఇమ్మని రాస్తున్నానండీ... వీడియో లేదని పైవాళ్ళు మూసేస్తే ఊరుకోకండీ... డప్పు రికార్డయ్యిందనీ, ఇనమనీ చెప్పండీ... ఈ మాట కంపెనీది కాదండీ... నాదండీ..."

పెరట్లో అప్పుడు ఎవరూ నవ్వలేదు. పైడయ్య మాత్రం అడక్కుండానే డప్పు మీద ఒక దెబ్బ వేశాడు.

మావ కిందకి దిగొచ్చి ఫోన్ నా చేతిలో పెట్టాడు. గొంతు బొంగురుపోయింది. జావ ఇచ్చాను. ఒక గుక్క తాగాడు. "ఆ గుంట ఒక మాట ఎక్కువ సేర్సినాది కోడలా," అన్నాడు. "బారికి సేర్సకూడదు." ఇంకో గుక్క తాగాడు. "సేరిస్తే సేర్సినాదిలే."

సుమ చెప్పినట్టే అయింది. మూడోనాడు మెసేజ్ వచ్చింది, వీడియో పంపనందున కంప్లైంట్ మూసివేయబడినది అని. ఈసారి నేను తిట్టలేదు. బండెక్కి, మీ పై ఆఫీసర్‌కి కలపండి, మీ నాయుడితో మాట్లాడాలి అన్నాను. గంటన్నరకి ఒకాయన లైన్లోకి వచ్చాడు. పదిహేనో తారీకు రికార్డు వినండి, అందులో అయిదు దెబ్బలు రెండుసార్లు ఉంటాయి అన్నాను. ఆయన విన్నాడు. నేను ఫోన్లో ఎదురుచూశాను.

"మేడమ్," అన్నాడు చివరికి, "అది... డప్పేనా?"

"డప్పే. పైడయ్య గారిది. ఆయన ముప్పై ఏళ్ళుగా కొడుతున్నాడు, ఒక దెబ్బ తప్పడు."

ఇరవై రెండున కొత్త ల్యాప్‌టాప్ వచ్చింది. పండగ ఇంకా నడుస్తోంది కాబట్టి కొరియర్ బండిని మావాళ్ళు తాడు దగ్గర ఆపి, అప్పలనర్సమ్మ పాట పాడి మామూలు తీసుకుని, నిలువెల్లా పసుపు నీళ్ళు చల్లి వదిలారు. పెట్టె ఊళ్ళోకి రాగానే పైడయ్య, "దిసారిని..." అన్నాడు. నా ప్రాణం పోయినంత పనైంది. ఉన్నవి ఎనిమిది రోజులు. దిసారిని పిలిచారు. ఆయన పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి, వేళ్ళు మడవబోయి, నా మొహం చూసి ఆగాడు.

"దీనికి కొత్త ఒకపాలి సేసేసినాం గదా," అన్నాడు. "ఆ పెట్టి సచ్చి ఈ పెట్టిగా ఒచ్చినాది. ఒక పేనానికి రెండుపాల్లు కొత్త సెయ్యరు. ఇప్పేయ్."

నేను ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టి అక్కడికక్కడే విప్పాను.

ఆ ఎనిమిది రోజులూ వంట మా ఆయనే చేశాడు, ఉప్పెక్కువైనా ఎవరూ అనలేదు. ఒక్కో కుటుంబం వచ్చి నా పక్కన కూర్చుని తోట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో, ఎన్ని సిల్వర్ ఓక్ చెట్లున్నాయో, మిరియాల పాదు దేనికి పాకించారో చెప్పింది. పైడయ్య రోజూ వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. ల్యాప్‌టాప్ ఆరిపోతే మొదట చూసేది తనే కావాలని కాబోలు అనుకున్నాను. మూడోరోజున గమనించాను, ఆయన కోడిని లోపలికి రానివ్వకుండా కాపలా కాస్తున్నాడు, అది ఛార్జరు వైరు పొడుస్తుందని.

ఇరవై తొమ్మిదిన మధ్యాహ్నానికి అరవై మూడూ అయిపోయాయి. ఈ ల్యాప్‌టాప్ ఛార్జరు తీసినా బతికుంటుంది కాబట్టి చంకన పెట్టుకుని బండెక్కాను. గాసి మావ నా కంటే ముందే అక్కడున్నాడు, కట్టెలకని చెప్పాడు గానీ కత్తి తేలేదు. ఫోన్ నుంచి నెట్ కలిపి ఫైలు పంపడం మొదలెట్టాను. నీలం గీత కదలదు, కదిలితే చీమలా కదులుతుంది. సగంలో ఒకసారి ఆగింది. ఇద్దరం ఊపిరి బిగపట్టుకున్నాం. మళ్ళీ కదిలింది. చివరికి ఆకుపచ్చ టిక్కు పడి, మీ దరఖాస్తు అందినది అని వచ్చింది.

నేను బండ మీద వెల్లకిలా పడుకుండిపోయాను. ఆకాశం చూస్తూ నవ్వాను. కింద ఊళ్ళో పనులాపి మా వైపే చూస్తున్నారని తెలుసు. ఫోన్ చేసి చెప్దామంటే కింద సిగ్నల్ లేదు.

"ఏటి సెప్పమంతావు?" అన్నాడు మావ లేచి నిలబడి, తలపాగా సర్దుకుంటూ.

"ఫైలు వెళ్ళిపోయింది, గడువులోగా చేరిపోయింది అని చెప్పు మావా. అంతే."

ఆయన బండ అంచుకి వెళ్ళాడు. చేతులు రెండూ నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"ఫైలు ఎల్లిపోనాదీ... గడువులోగా సేరిపోనాదీ..."

అవతలి కొండ తిప్పి చెప్పింది. అక్కడితో అయిపోవాలి. కానీ మావ చేతులు దించలేదు. ఇంకోసారి గుండె నిండా గాలి పీల్చాడు.

"మన రత్న పంపినాదీ..."

కింద డప్పు మొదలైంది. నేను లేచి కూర్చున్నాను. ఎనిమిదేళ్ళలో ఆ గొంతులో నా పేరు వినడం అదే మొదలు. కొండ కూడా ఆ పేరే తిప్పి చెప్పింది.

"మావా," అన్నాను, "నేను చెప్పని మాట చేర్చావు. బారికి చేర్చకూడదు కదా."

గాసి మావ నా వైపు చూడలేదు. కింద ఊరి వైపే చూస్తూ తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు.

"నాను సేర్సనేదు," అన్నాడు. "నువ్వే ఒక మాట తక్కువ సెప్పినావు."